రెండో పేరు

పార్టీ జిల్లా అధ్యక్ష పదవికి ఈసారి ఢిల్లీ నుంచి పరిశీలకుడు వచ్చి అభిప్రాయాలు తీసుకుంటాడని తెలిసిన రోజే మా అన్న తెల్ల చొక్కాలన్నీ ఇస్త్రీకి పంపాడు. పద్ధతి కొత్తది. కార్యకర్తలు ఒక్కొక్కరే గదిలోకి వెళ్లి, అధ్యక్షుడిగా ఎవరు కావాలో రెండు పేర్లు వరుసగా చెప్పాలి. పరిశీలకుడు రాసుకొని వెళ్తాడు. ఆపైన ఢిల్లీలో తేలుస్తారు.

మాది తాండూరులో పటేళ్ల ఇల్లు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరిని నిలబెట్టాలన్నా ఆ మాట మా ముందరి గదిలోనే తేలేది. ఇప్పుడు ఆ గదిలో ఎరువుల దుకాణం నడుస్తోంది, మేం పక్క సందులోంచి లోపలికి వెళ్తాం. నాపరాయి గని పోయింది, కంది చేలు పోయాయి. అయినా మేం ఎవరి ముందూ తల వంచలేదు. ఇంటికి మిగిలిన పరువల్లా పార్టీలోనే ఉంది. ఇన్నేళ్లు జెండా మోసినా మా అన్న నోరు తెరిచి ఏ పదవీ అడగలేదు, పిలిచి ఇస్తారని చూశాడు. ఈసారి తప్పితే మళ్లీ చూడడానికి ఆయనకు వయసు లేదు.

పోటీ ఆయనకూ, వికారాబాద్‌లోని ఒక వకీలుకూ మధ్యనే అని అందరూ అనుకున్నారు. గాలి ఎటు వీస్తోందో చూసి రమ్మని అన్న నన్ను పంపాడు. పంపకపోయినా వెళ్లేవాణ్ని. ఎవరు ఎవరికి ఏం మాట ఇస్తున్నారో తెలుసుకోవాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉబలాటం.

కొడంగల్‌లో కందులు కొని అమ్మే ఒక అడ్తిదారు, అధ్యక్షుడు మీ అన్నేనని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పాడు. పరిగిలో ఇంకొకాయన అంతకన్నా గట్టిగా చెప్పాడు. ఆయన అదే మాట నిన్న వకీలు మనుషులకూ చెప్పాడని పక్కనున్న చాయ్ హోటల్లో తెలిసింది. అది నాకు వింతగా అనిపించలేదు. వింత ఏమిటంటే, వెళ్లిన ప్రతిచోటా కోట్‌పల్లి ఆమె అప్పటికే వచ్చి వెళ్లింది.

ఆమె గొర్రెలు కాసుకునే వాళ్ల బిడ్డ. వాళ్ల నాయన మా మందను కూడా కాసేవాడు. ఈమె పాల కేంద్రం నడుపుతూ మెల్లగా పార్టీలోకి వచ్చి, మండలంలో మహిళా సంఘాన్ని చూస్తోంది. ఆమె ఎవరినీ ఒకటో పేరు అడగలేదట. ఒకటోది మీకు ఇష్టమైన వాళ్లకు చెప్పుకోండి, రెండోది నాకివ్వండి అందట. రెండో స్థానం అడుక్కోవడానికి ఊళ్లు తిరిగే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. పెళ్లి భోజనాల్లో రెండో పంక్తికి ఎన్నడూ కూర్చోని ఇల్లు మాది.

పరిగి బస్టాండులో ఆమే ఎదురైంది.

"నమస్తే చిన్నన్నా. పెద్దన్న మంచిగున్నడా?"

వాళ్ల నాయన మమ్మల్ని ఎప్పుడూ 'పటేలా' అనే పిలిచేవాడు. ఆ 'చిన్నన్నా' నా చెవికి కొత్తగా తగిలింది గాని, ఆమె గొంతులో మర్యాదకు లోటు లేదు. రెండో పేరు అడగడం ఏమిటని ఉండబట్టలేక అడిగాను.

"ఒకటోది అడిగితె ఎవరో ఒకరు మొకం తిప్పుకుంటరు చిన్నన్నా. రెండోది అడిగితె చాయ్ తాపి పంపుతరు," అంది. "మీరు సుత జర యాది పెట్టుకోండ్రి."

ఇంటికి వచ్చి చెబితే అన్న అన్నం తింటున్నవాడల్లా నవ్వాడు. తర్వాత ఆలోచించి, అదీ మంచిదేనన్నాడు. మనవాళ్లు పొరపాటున కూడా వకీలు పేరు రెండోదిగా చెప్పకూడదు. ఆమెది చెబితే ఎవరికీ నష్టం లేదు. ఆ మాట మా వాళ్లందరికీ నేనే చేరవేశాను.

అభిప్రాయాలు తీసుకునే రోజు వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో కూడాం. నా వంతు కోసం చూస్తూ నీడకు నిలబడితే, గోడ అవతల వకీలు మనిషి ఒకడు తన వాళ్లకు చెబుతున్నాడు.

"ఒకటోది వకీలు సాబ్. రెండోది కోట్‌పల్లి ఆమె. తాండూరు పటేలు పేరు నోట్లకెళ్లి రావొద్దు, సమజైందా?"

అప్పుడు నాకు లెక్క అర్థమైంది. మా వాళ్లూ ఆమె పేరే, వాళ్లూ ఆమె పేరే. గబగబా వెళ్లి అన్నకు చెప్పాను.

"రెండో పేర్లు ఎవడు లెక్కవెడ్తడు తమ్మీ?" అన్నాడు, కుర్చీలోంచి కదలకుండా.

గదిలో పరిశీలకుడికి హిందీయే వచ్చు, నా ఉర్దూతో సరిపెట్టాను. ఒకటో పేరు మా అన్నది చెప్పాను, రెండోది అన్న చెప్పమన్నది చెప్పాను. ఒకటో పేరును వద్దనేవాళ్లు ఉన్నారా అని అడిగాడు. సగం జిల్లా అన్నాను, అబద్ధమాడడం మా ఇంటా వంటా లేదు. మరి రెండో పేరును అని అడిగాడు. ఎంత వెతికినా ఒక్కరూ గుర్తుకు రాలేదు. ఆయన తల ఊపి రాసుకున్నాడు.

ఢిల్లీ నుంచి వచ్చిన పేరు కోట్‌పల్లి ఆమెదే. ఆ రోజు అన్న ఫోను తీయలేదు. వదిన ఎంత పిలిచినా భోజనానికి లేవలేదు.

రెండు రోజులకు ఆమె పక్క సందులోంచి మా ఇంటికి వచ్చింది. వదిన కుర్చీ వేసింది. ఆమె ఎగతాళి చేయడానికి వచ్చిందేమోనని నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"అన్నా, మీరు నాకు ఉపాధ్యక్షునిగ ఉండాలె," అంది.

అన్న తలెత్తి చూశాడు. "అంటె రెండోదా?"

"రెండోదే. చిన్నదేం గాదన్నా, నాకెరుకే."

"వకీలునడిగినవా?"

"లేదు. ముందుగాల మీ దగ్గరికే వచ్చిన."

అన్న వదిన వైపు తిరిగి ఆమెకు చాయ్ పెట్టమన్నాడు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"స్టేజి మీద నా కుర్చీ యాడ ఏస్తరు?"

"నా పక్కకే."

ఆమె పదవి తీసుకునే రోజు అన్నా నేనూ రైల్లో వికారాబాద్ వెళ్లాం. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. నేను హాల్లో వెనక కూర్చొని ఆ కుర్చీ ఒక్కటే చూశాను. పక్కనే వేశారు గాని, మైకు స్టాండు అడ్డమని ఎవరో దాన్ని కాస్త వెనక్కి జరిపారు. ఆమె అది చూసి లేవబోయింది. అంతలో అన్న వంగి, తన చేత్తో కుర్చీని వరుసలోకి లాక్కొని కూర్చున్నాడు. మా ఇంటి మగవాడు తన కుర్చీ తానే జరుపుకోవడం నేను చూడడం అదే మొదలు.