పోస్టు కింద అంగళ్ల పేర్లు

తిరుపతిలో మా పైవాటాలో కొన్నాళ్లు ఉన్న అక్క పోస్టు పెట్టిందంటే ఫోటో కన్నా కింద అంగళ్ల పేర్లే ఎక్కువ. కొత్త జాకెట్టు వేసుకుంటే కుట్టినామెను ట్యాగ్ చేసేది, టీ తాగితే టీ బంకును. చేయి విరిగి పుత్తూరులో కట్టు కట్టించుకున్న రోజు కూడా, నొప్పికి ఏడుస్తూనే ఎడంచేత్తో ఆ కట్టు కట్టినాయనను ట్యాగ్ చేసింది. బయట తినడానికి వెళితే మా ప్లేట్లకు చేయి అడ్డం పెట్టి, "ఉండప్పా, ఫోటోలో అంగడి పేరు రానీ" అనేది. ఆకలి మీద నాకు ఒళ్లు మండేది. "వాళ్లేమన్నా ఊరికే పెడతారా అక్కా?" అంటే నవ్వి ఊరుకునేది.

వాళ్ల నాయన పెద్దకర్మకు పలమనేరు వెళ్లాను. దండ వేసిన నాయన ఫోటో పోస్టు చేస్తూ పూలంగడినీ, వంట చేసినాయననూ ట్యాగ్ చేస్తోంది. పక్కనే ఉన్న వాళ్ల పిన్ని చూసి కోప్పడింది.

"కర్మ కాడ కూడా ఇదేం పిచ్చే నీకు? నలుగురూ నవ్వరా?"

అక్క తల ఎత్తలేదు. "బస్టాండు కాడ నాయన దోసెలు తిన్నోళ్లంతా ఫోటోలు పెట్టుకున్నారు పిన్నీ. యాడ తిన్నారో ఒక్కరూ రాయలే. కొత్తోళ్లు రాకనే కదా అంగడి మూసేసినాడు?"

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని, పందిట్లో పేర్చిన అరిటాకుల వైపు చూసింది. కాసేపటికి పిన్నే అక్క ఫోన్ మీదికి వంగి మెల్లగా అడిగింది.

"ఆ ఆకులు తెచ్చిచ్చినామె పేరుండాదా ఇందులో? సూడు."