గొళ్ళేనికి కట్టిన ఎర్ర గుడ్డ

నా చిన్నప్పుడు, బెంగాలీల నడుమ ఉన్న మా రైల్వే ఊళ్ళో, శనివారం పగలు పన్నెండు గంటలకు వర్క్‌షాపు సైరన్ మోగేది. ఆ రోజు ఒంటిపూట పని. సైరన్ ఆగిన పావుగంటకు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల మధ్య మా సందులోకి సైకిళ్ళు వరసగా వచ్చేవి. వాటిలో మా తాతయ్య సైకిలు ఒకటి. ఆయన మా నాన్నకు తండ్రి, అక్కడ ఫిట్టరు. సైకిలు గోడకు ఆనించి, కిరసనాయిలు గుడ్డతో చేతుల మడ్డి తుడుచుకుని, మా అమ్మను మెల్లగా పిలిచి మంచినీళ్ళు అడిగేవాడు. ఆయనే కాదు, మా సందులో పగటిపూట అందరూ మెల్లగానే మాట్లాడేవారు.

దానికి కారణం ఉంది. రాత్రంతా ఇంజన్ మీద నిలబడినవాళ్ళు, నిమ్‌పురా యార్డులో గూడ్సు పెట్టెలు కలిపి బళ్ళు కూర్చినవాళ్ళు పొద్దున్నే ఇంటికి వచ్చి పడుకునేవారు. అలా ఒక మనిషి నిద్రపోతుంటే ఆ ఇంటావిడ తలుపు గొళ్ళేనికి ఒక ఎర్ర గుడ్డ ముక్క కట్టేది. అది కనబడితే ఆడవాళ్ళు బొగ్గులు పగలగొట్టడం ఆపి రేపటికి పెట్టుకునేవారు. పిల్లలం గోళీలు ఏరుకుని సందు రెండో కొసకు పోయేవాళ్ళం. కూరగాయల బండి తోసుకొచ్చే బెంగాలీ దాదా కూడా కేక మింగేసి, బండి చప్పుడు చేయకుండా మా గుమ్మాలు దాటేవాడు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. ఎర్ర రంగంటే ఆగాలని రైల్వే పిల్లలకు అక్షరాల కంటే ముందే తెలుసు.

అందువల్ల మా తాతయ్య జముకు మా ఇంట్లో గూట్లోనే ఉండేది. జముకు అంటే అడుగు కోసేసిన చిన్న ఇత్తడి బిందెలాంటిది. ఒక మూతికి తోలు బిగించి, తోలు మధ్యలోంచి ఒక నరం లాగుతారు. దాన్ని చంకలో ఇరికించుకుని, నరం బిగించి మీటుతూ కథ పాడతారు. శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళు ఆ పాటను కూడా వెంట తెచ్చుకున్నారు గాని, సందులో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు కనక, గొంతు విప్పి పాడే వీలు లేదు. చలికాలంలో ఒక శనివారం మా తాతయ్య, మా అమ్మ తమ్ముడు మామయ్య, మరో ఇద్దరు కలిసి మధ్యాహ్నం రెండు పది ప్యాసింజరు ఎక్కి సాల్ చెట్ల అడవికి వెళ్ళేవారు. ఆదివారం సాయంత్రం దాకా అక్కడే వండుకుని, ఓపిక ఉన్నంతసేపు పాడుకుని వచ్చేవారు. ఏడాదిలో ఆయన నిండు గొంతుతో పాడేది ఆ రెండు రోజులే.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు నన్ను కూడా తీసుకెళ్తానని మాట ఇచ్చాడు. అంతకుముందు ఆడపిల్లలెవరూ వెళ్ళలేదు. అమ్మ ఒప్పుకోలేదు. మామయ్య, "రానీయక్కా, ఈ గుంట గొంతిప్పితే నక్కలన్నీ పారిపోతాయి, మాకు కాపలా అక్కర్లేదు" అని నవ్వించి ఒప్పించాడు. ఆ వర్షాకాలమంతా తాతయ్య నాకు వంత నేర్పాడు. వంట గదిలో గోడకు ఆనుకుని, పెదవులు కదిలీ కదలనట్టు పాడేవాళ్ళం. నా అసలు గొంతు ఎంతో నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. "అడవిలో ఇందాంలే" అనేవాడు.

ఆ శనివారం బడి మానేశాను, పొద్దుటినుంచీ సర్దడమే పని. బియ్యం, కందిపప్పు, ఎండు మిరపకాయలు, ఒక అల్యూమినియం గిన్నె, రెండు కంబళ్ళు అమ్మ సంచుల్లో పెట్టింది. నాకు అప్పగించిన పని ఒక్కటే, జముకును గుడ్డలో చుట్టడం. తోలుకు మంచు తగలకుండా దాన్ని ఎప్పుడూ ఎర్ర గుడ్డలోనే చుట్టి తీసుకెళ్ళేవారు. గూట్లో చూస్తే పాత గుడ్డను ఎలుకలు కొరికేశాయి. అమ్మను అడిగితే, "పప్పు దించి ఇస్తాను, ఆగు" అంది. నేను ఆగలేదు. బయటికి వచ్చాను. పక్కింటి తలుపుకు ఎర్ర గుడ్డ కట్టి ఉంది.

ఆ ఇంట్లో ఉండే బాబాయి గూడ్సు డ్రైవరు. ఆ పొద్దున తొమ్మిదిన్నరకు ఇంటికి రావడం నేను చూశాను. గుడ్డ ఎందుకు కట్టారో నాకు తెలుసు. రేపు సాయంత్రం మళ్ళీ కట్టేస్తాను కదా, ఈపాటికి ఆయన నిద్ర అయిపోయి ఉంటుంది కదా అనుకున్నాను. ముడి విప్పి, జముకును అందులో చుట్టి, సంచుల పక్కన పెట్టాను. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

తాతయ్య వచ్చి భోంచేసి, జముకు గుడ్డ విప్పాడు. కొత్త నరం వేసి ఉంది, ఒకసారి చూసుకోవాలి. మా అరుగు మీద కూర్చుని అలవాటుగా ఇటూ అటూ తలుపులు చూశాడు. ఏ గొళ్ళేనికీ గుడ్డ లేదు. డ్రైవరు బాబాయి డ్యూటీకి వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాడు. జముకును చంకలో పెట్టుకుని, నరం బిగించి, ఒక్క పాదం నిండు గొంతుతో ఎత్తుకున్నాడు. అప్పుడే తన సంచితో వచ్చిన మామయ్య దాన్ని దించి చేతులతో తాళం వేశాడు. తాతయ్య గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. 

పక్కింటి తలుపు తెరుచుకుంది. డ్రైవరు బాబాయి లుంగీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం లేదు. "ఏటి మావా, మేం అడవికి రానేదని అడవినే ఇక్కడికి తెచ్చీసినావా?" అన్నాడు.

ఆయన వెనక పిన్ని వచ్చింది. సైరన్‌కు కూడా లేవని మనిషి లేచిపోయాడని ఆమె బాధ. ఐదింటికి మళ్ళీ బండి ఎక్కాలి, మళ్ళీ రాత్రంతా మేలుకోవాలి. గొళ్ళెం చూసి, "గుడ్డ కట్టినానే. ఏ మేకో లాగీసినట్టుంది" అంది.

తాతయ్య ఒడిలో ఉన్న గుడ్డ వంక చూశాడు. దాని కొసన ముడి వేసి విప్పిన ముడత ఇంకా ఉంది. ఆయన నా వైపు తల తిప్పలేదు. "మేక కాదమ్మా" అన్నాడు. "నేనే తీసినాను, జముకుకి సుట్టడానికి. బుద్ధి నేకపోయింది."

పిన్ని గుమ్మంలోంచి పక్కకు జరిగింది. పెద్దవాడు, రిటైరవడానికి దగ్గరపడినవాడు, ముప్ఫై ఏళ్ళుగా ఆ సందులో ఉన్నవాడు అలాంటి పని చేస్తాడని ఆమె నమ్మిందో లేదో తెలియదు. తాతయ్య లేచి వెళ్ళి గుడ్డను తన చేత్తో గొళ్ళేనికి కట్టి, బాబాయిని లోపలికి పంపి, తలుపు దగ్గరగా వేశాడు.

గుడ్డ కట్టేస్తే సరిపోయిందనుకున్నాను. సరిపోదు. గుడ్డ లేదని ఒకసారి చూసినవాళ్ళు పనులు మొదలుపెట్టేశారు, మళ్ళీ చూడరు. ఎవరో బొగ్గులు కొడుతున్నారు. కుళాయి వచ్చే వేళ, బిందెల వరస మొదలైంది. ఒంటిపూట బడి వదిలేశారు, పిల్లలు అరుస్తున్నారు. తాతయ్య మా అరుగు దగ్గర నిలబడి, మెల్లగా, ఎవరినీ ఉద్దేశించనట్టు అన్నాడు, "నాలుగు దాకా ఆ గుమ్మం కాడ ఎవులో ఒకులు కూకోవాల."

అప్పుడు టైము ఒంటిగంట దాటింది. స్టేషనుకు నడక అరగంట. మామయ్య సంచి భుజాన వేసుకుని దాని పట్టీ సరిచేసుకుంటున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది, పిన్ని నీళ్ళు పట్టి బాబాయికి క్యారేజీ వండాలి. నేను కూర్చుంటానని అనాలి. ఆయన ఆగాడు. ఎంతసేపు ఆగాడో ఇన్నేళ్ళలో చాలాసార్లు లెక్కవేసుకున్నాను. పిల్ల ఒక మాట అనడానికి పట్టే సమయం కంటే ఎక్కువే ఆగాడు. నేను సంచి మూతికి కట్టిన తాడు ముడి వైపు చూస్తూ నిలబడ్డాను.

తాతయ్య జముకును తన తువ్వాలులో చుట్టి మామయ్యకు ఇచ్చాడు. మామయ్య, "నువ్వు నేకపోతే కథేటి మావా" అన్నాడు. "ఆ గుంట ఉంది కదా" అన్నాడు తాతయ్య. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, "నువ్వెల్లు. గట్టిగా పాడు" అన్నాడు.

నేను వెళ్ళాను. ఈ వాక్యం రాయడానికి నాకు అరవై ఏళ్ళకు పైగా పట్టింది. సందు మలుపులో వెనక్కి చూస్తే, ఆయన పక్కింటి గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, వచ్చే పిల్లలకు చేత్తో అటు పొమ్మని చూపిస్తున్నాడు. రైల్వే గార్డు జెండా చూపినట్టు తువ్వాలు ఊపుదామని భుజం తడుముకుని, తువ్వాలు మాతో వచ్చేసిందని గుర్తొచ్చి, ఒట్టి చెయ్యే ఊపాడు.

అడవిలో నాకు సంతోషంగానే ఉంది. అది దాచడం ఇప్పుడు అనవసరం. ఆదివారం పొద్దున ఎండు ఆకుల మీద నిలబడి వంత పాడాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. చెట్ల దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. పాడుతున్నవాళ్ళు ఆపి నా వంక చూశారు. మామయ్య వెంటనే పక్కకు తిరిగాడు. అక్కడ తాతయ్య ఉంటే ఏమంటాడో చూడ్డానికి తిరిగినట్టు నాకు తోచింది.

సాయంత్రం ఇంటికి రాగానే తాతయ్య అడిగాడు, "గట్టిగా పాడినావా?" పాడానన్నాను. "ఏదీ" అన్నాడు. అని, పక్కింటి తలుపు వంక చూశాడు. బాబాయి ఆ మధ్యాహ్నమే బండి దిగి వచ్చాడు, గొళ్ళేనికి గుడ్డ ఉంది. "పోనీలే, వొచ్చే ఏడు అడవిలో ఇంటాను" అన్నాడు. ఆ తర్వాతి వానల్లో ఆయనకు జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు దిగింది. చలికాలం దాకా లేడు. ఆయన విన్నది వంట గదిలో నేను పెదవుల మధ్య పాడిన పాటే.

ఆయన పోయేదాకా సందులో వాళ్ళు ఆయన్ని ఏడిపించేవారు. ఆయన వస్తుంటే, "తలుపులు సూసుకోండర్రా, గుడ్డల తాత వొస్తన్నాడు" అనేవారు. ఆయన నవ్వి, ఉతికి ఆరేసిన చీరను ఎత్తుకుపోతున్నట్టు నటించేవాడు. ఆ సమయంలో నేను పక్కనే ఉండేదాన్ని. నన్ను ఒక్క మాట అనలేదు. విడిగా కూర్చోబెట్టి బుద్ధి చెప్పలేదు. నేను చెప్తానని ఎదురుచూశాడా, చెప్పకపోయినా పరవాలేదనుకున్నాడా, ఇది నాకు తెలియదు. నేను తర్వాత టీచరునయ్యాను. బడిలో ఏ పిల్ల తప్పు చేసినా అందరి ముందు అడగలేకపోయేదాన్ని. ఆ పిల్ల నోరు తెరవడానికి కాసేపు ఆగేదాన్ని. కొందరు తెరిచేవారు.

పోయిన నెల పక్కింటి పిన్ని పోయింది. తొంభై దాటాయి. చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళ కూతురు ఏడుపు మధ్యలో నన్ను పట్టుకుని, "మీ తాత మా అమ్మ గుడ్డ ఎత్తుకుపోయినాడంట కదా అక్కా, మొన్న కూడా సెప్పి నవ్వింది" అంది. ఆయన కాదు, నేనని అనబోయాను. ఇంతలో ఎవరో లోపలికి వచ్చారు, ఆమె అటు లేచింది. నిజానికి ఎవరూ రాకపోయినా ఆ మాట అనేదాన్నో లేదో.

ఇప్పుడు నేను అదే ఊళ్ళో ప్రేమ్ బజార్ దగ్గర ఉంటున్నాను. మేడ మీద గదిలో అద్దెకున్న కాలేజీ పిల్లలు ఈ శనివారం సాల్ అడవిలో జానపద పాటల శిబిరానికి వెళ్తున్నారు. పొద్దుటినుంచీ సర్దుకుంటున్నారు. మంచి పిల్లలే. డోలు ఒకటి తెచ్చుకున్నారు, స్పీకరు పెట్టి మెట్ల మీద పరీక్షిస్తున్నారు. ఎదురింట్లో రాత్రి కాపలా చేసి వచ్చిన మనిషి పడుకున్నాడని నాకు తెలుసు. పైకి వెళ్ళి చెప్పాను. వెంటనే తగ్గించారు. "మాకు తెలీదు అమ్మమ్మా" అన్నారు. నిజమే, వాళ్ళకు తెలిసే దారి లేదు. ఎదురింటి తలుపు మామూలుగా వేసి ఉంది.

గుడ్డ తీసింది మా తాతయ్య కాదు, నేను. మా తర్వాత అడవికి జముకు పట్టుకుని ఎవరూ వెళ్ళలేదు. పగలు నిద్రపోయే మనిషి ఉన్న ఇంటి గొళ్ళేనికి ఇప్పుడు ఎవరూ ఎర్ర గుడ్డ కట్టరు.