పెండ్లి కార్డు కింద వరుసల సార్

మనిషి విలువ ఎట్ల కొలవాలె అన్న సంగతి మీద ఆ రోజుల్ల నాకు మస్తు గట్టి అభిప్రాయాలుండేటివి. తొమ్మిదో తరగతిల బడి వదిలినోని దగ్గర అభిప్రాయాలు తప్ప ఇంకేముంటయి? మా లాడ్ బజార్ పక్క గల్లీల అయితే దానికి ఒకటే తూకం. ఒక దుకాణంల సరుకు లేకుంటే గిరాకీని ఇంకో దుకాణానికి తోలుకుంట "ఫలానా భాయ్ పంపిండని చెప్పు" అంటరు. ఎవని పేరు ఎక్కువమంది చెప్పుకుంట తిరుగుతరో వాడే పెద్దమనిషి. చుట్టూ అన్నీ గాజుల దుకాణాలే ఉన్న ఆ గల్లీల మా బాపు ఒక్కడే గోడ గడియారాలు బాగు చేసేటోడు. ఈ తూకం మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, కొత్త మనిషి గురించి ఎవరన్న చెప్తే ఊరు అడగడు, ఉద్యోగం అడగడు, "వాని పేరు ఎవరు చెప్తరు?" అని అడుగుతడు.

అట్లాంటి బాపుకు మా అక్క పుట్టింది. (తర్వాత నేను కూడ పుట్టిన గని, దాన్ని ఇంట్ల ఎవరూ విశేషంగ చెప్పుకోరు.) అక్క యూనివర్సిటీల లెక్కల మీద పరిశోధన చేసేది. అక్కడనే ఇంకొకాయన ఉండె. మనుషులు లైన్ల ఎంతసేపు నిలబడాలె, ఆ లైన్ ఎట్ల జల్ది తగ్గుతది అని కాగితాల మీద లెక్కలు కట్టుడే ఆయన పని. రేషన్ దుకాణం కాడ మేమంత ఊరికే చేసే పనికి ఆయనకు డాక్టర్ పట్టా ఇచ్చిండ్రు. నేను ఆయనకు వరుసల సార్ అని పేరు పెట్టిన. చేసుకుంటే ఆయన్నే చేసుకుంట అన్నది అక్క. బాపు సరే అనేటోడే. గని గప్పుడే మా మేనత్త దిగింది.

మేనత్త ఇంకో సంబంధం పట్టుకొచ్చింది. అబ్బాయి మందుల మీద పరిశోధన చేస్తడు. సంబంధం తెచ్చినోళ్లు ఫొటో తెస్తరు, జాతకం తెస్తరు. మా మేనత్త ఫోన్ల ఒక నంబర్ తెచ్చింది.

"చూడు అన్నా, సైన్సోళ్ల విలువ గిప్పుడు ఇంటర్నెట్లనే పెడుతుండ్రు. మా అబ్బాయిది ఇరవై రెండు. ఆ లైన్లాయనది ఎంతనో నీ బిడ్డనే అడుగు."

"నాలుగు," అన్నది అక్క.

నాకు ఆ సార్ మీద ఒక్కసారి ప్రేమ పుట్టింది. లెక్కలల్ల నా మార్కులు కూడ ఎప్పుడూ అక్కడక్కడనే ఉండేటివి.

"ఆ నంబర్ ఏంది బిడ్డా?" అని బాపు అడిగిండు.

"ఒకరు రాసిన పేపర్‌ను వేరేటోళ్లు వాళ్ల పేపర్ కింద పేరు పెట్టి, ఇది చూడుండ్రి అని రాస్తరు బాపూ. దాన్ని సైటేషన్ అంటరు. నాలుగు పేపర్లకు తక్కువల తక్కువ నాలుగేసి సార్లు గట్ల పడితే నంబర్ నాలుగు."

"అంటే మన గల్లీల పేరు చెప్పుడే గద."

"అదే గని..."

"మరి ఇరవై రెండు పెద్దదా, నాలుగు పెద్దదా? నువ్వు లెక్కలు చదివినవు, నువ్వే చెప్పు."

అక్కకు కోపమొస్తే గొంతు చిన్నగైతది. ఆ చిన్న గొంతుతోనే చెప్పింది. "అట్ల పోల్చొద్దు బాపూ. మందులోళ్లు దునియాల మస్తుమంది. ఒక్క పేపర్ మీద పదిహేను పేర్లుంటయి, కుప్పలుగ రాస్తరు, ఒకరి పేరు ఒకరు కుప్పలుగ చెప్పుకుంటరు. లెక్కలోళ్లు ఇద్దరు కూసోని రెండేండ్లు గోడ చూసి ఒకటి రాస్తరు. లెక్కలాయన్ను లెక్కలోళ్ల నడుమ పెట్టి తూచాలె. పక్క దుకాణం గాజుల భాయ్ పేరు రోజూ బజారంత చెప్తది. నీ పేరు గడియారం ఆగినోడే చెప్తడు. అంటే నువ్వు ఆయనకన్న చిన్నోనివా?"

బాపు లేచి పోయి, మంచిగ నడుస్తున్న గడియారానికి చావి తిప్పిండు. ఓడిపోయినప్పుడు ఆయన చేసే పని అదే. (అమ్మ ఎవరి దిక్కు అంటరా? అన్నం పెట్టేటప్పుడు అక్క దిక్కు, మేనత్త ఉన్నప్పుడు గోడ దిక్కు.) గని ఓడిపోవుడు వేరు, ఒప్పుకునుడు వేరు. "వచ్చే నెల గాజుల భాయ్ బిడ్డ పెండ్లి దావత్ ఉన్నది. అది అయిపోనీ, ఆ సాయంత్రం మందులోళ్లకు మాట ఇస్త," అని మేనత్తను సాగనంపిండు. అక్క రెండు రోజులు సరిగ్గ తినలే. మా ఇంట్ల అక్క తినకుంటే ఆ వంకాయ కూరంత నా మీదికే వస్తది. అందుకే నేను రంగంలకు దిగిన.

అప్పుడు నేను నయాపూల్ ఇవతల ఛత్తా బజార్ల ఒక పెండ్లి కార్డుల ప్రెస్సుల తెలుగు కంపోజింగ్ చేస్తుంటి. అక్క చెప్పింది మనసుల మళ్లమళ్ల తిప్పుకున్న. పేరు అచ్చుల పడాలె. అచ్చు నా చేతులనే ఉన్నది. కాగితం కింద పడాలె. ప్రతి కార్డు కింద ఇంత జాగ ఊరికే ఖాళీగ పోతది. చూడుండ్రి అని రాయాలె. నాకేమన్న రాయరాదా? ఒక్క కార్డుకు ఒక్క సైటేషన్ అనుకున్నా, సార్ నంబర్ మందులాయన నెత్తి మీదికెళ్లి దుంకుతది. ఇంత అలకటి పనికి యూనివర్సిటీలోళ్లు ఎందుకు గింత తండ్లాడుతున్నరో నాకు నిజంగనే అర్థం కాలే.

సరిగ్గ గప్పుడే గాజుల భాయ్ కార్డులకు వచ్చిండు. పెండ్లి కార్డు ఉర్దూల వేరే. తెలుగు గిరాకీల కోసం, గల్లీవాళ్ల కోసం పగటిపూట శాకాహారం దావత్ పెట్టిండు. దానికి తెలుగుల అయిదువందల కార్డులు. భాయ్‌కి తెలుగు మాట్లాడొస్తది, చదవరాదు. అచ్చుకు ముందు చూపిస్తే తారీఖు చూసిండు, ఫోన్ నంబర్ చూసిండు, "మాషా అల్లా, బడియా" అన్నడు. కింద చిన్న అక్షరాలల్ల నేను పెట్టిన వాక్యం ఇది: "విందు వరుసలో ఎంతసేపు నిలబడవలసి వచ్చునో తెలియుటకు" అని మొదలుపెట్టి, సార్ పూర్తి పేరు, డాక్టర్ పట్టాతో సహా, "వారి వ్యాసము చూడుడు."

కార్డులు పంచినంక రోజూ ఫోన్ల సార్ నంబర్ చూసుకుంటుంటి. నాలుగు. మర్నాడు నాలుగు. నెట్టు స్లో ఉన్నదనుకున్న.

నాలుగు అట్లనే ఉండంగ భాయ్ కార్డు చేతుల పట్టుకోని బాపు దుకాణంలకు వచ్చిండు. నేను బాపుకు టిఫిన్ ఇయ్యడానికి పోయి అక్కడనే ఉన్న.

"గడియారం సాబ్, జర ఇది చదువుండ్రి. గిరాకీలు నన్ను అడుగుతున్నరు, భాయ్, అన్నం తక్కువ వండిపిస్తున్నవా, లైన్ల నిలబెడుతున్నవా అని. నా బిడ్డ దావత్ అది. నేనేమన్న కంట్రోల్ బియ్యం దుకాణం తెరిచిన్నా?"

బాపు అద్దాలు పెట్టుకోని చదివిండు. పేరు దగ్గర ఆగిండు. అద్దాలు తీసి నా దిక్కు చూసిండు.

"ఇదేందిరా?"

"సైటేషన్ బాపూ," అన్న.

తర్వాత కొంతసేపు జరిగింది రాయను. దుకాణంల ఉన్న గడియారాలన్నీ చూసినయి, చాలు. ఆఖరికి బాపు అన్నడు, "ఆ లైన్లాయన్ను దావత్‌కు రమ్మను. ఆయన పేరు మీద లొల్లి అయింది, ఆయన మొఖం భాయ్ చూడాలె. సాయంత్రం ఎట్లనూ మందులోళ్లకు ఫోన్ చేస్త."

హైదరాబాద్ దావత్ సంగతి మీకు తెలుసు. కార్డు మీద పన్నెండు అని ఉంటే రెండింటికి తలకు నీళ్లు పోసుకుంటరు. గని నా వాక్యం చదివినోళ్లంత లైన్ల ముందుండాలెనని పదకొండుకే వచ్చిండ్రు. గల్లీల అంత మంది టైంకన్న ముందు వచ్చుడు దేవుని ఊరేగింపుకు కూడ లేదు. బగారా అన్నం ఇంక దమ్ము మీదనే ఉన్నది. అన్నం పెట్టేకాడ నాలుగు బల్లలు, నాలుగు లైన్లు. పక్క లైన్ కదిలితే ఈ లైన్లోళ్లు అటు ఉరుకుతరు, అది ఆగితే మళ్ల ఇటు. పిల్లలు కింద పడుతుండ్రు, మేనత్త చీర కుచ్చిళ్ల మీద ఎవరో కాలు పెట్టిండ్రు. గప్పుడు వరుసల సార్ వచ్చిండు, ఇస్త్రీ అంగీ వేసుకోని, ఏమీ తెల్వకుంట.

భాయ్ ఆయన భుజం పట్టుకున్నడు. "మీరేనా లైన్ల సాబ్? కార్డు మీద పేరు వేయించుకున్నరు. ఇగ చూడుండ్రి."

"నేను వేయించుకోలే," అన్నడు సార్. నేను ఒక కుర్చీ వెనుక కూసున్న.

సార్ కొంతసేపు ఆ గుంపు దిక్కు చూసిండు. అయిపోయింది, ఇగ ఉరుకుతడు అనుకున్న. ఆయన అంగీ చేతులు మడిచి, బల్లలకు దూరంగ రెండు కుర్చీలు పెట్టి, అక్కడ నిలబడ్డడు. "నాలుగు వద్దు, ఒకటే లైన్. ముందున్నాయన ఏ బల్ల ఖాళీ అయితే దానికి పోవాలె. ముందు వచ్చినోడు ముందు తింటడు, ఎవనికీ నష్టం లేదు." మొదట ఎవరూ వినలే. ఒక పెద్దామె విన్నది. ఆమె వెనుకోళ్లకు ఆమె చెప్పింది, వాళ్లు వాళ్ల వెనుకోళ్లకు. గేటు కాడ కొత్తగ వచ్చినోళ్లు బల్లల మీదికి పోబోతే పది గొంతులు ఆపుతుండె: "గటు కాదు, ఒకటే లైన్, వరుసల సార్ చెప్పిండు." నేను పెట్టిన పేరు అది. (లెక్కకు రాదు గని రికార్డు కోసం చెప్తున్న.) లైన్ పాము లెక్క హాల్ అంత తిరిగి, కదులుకుంట పోయింది. డబల్ కా మీఠా గిన్నె మూత తీసినప్పుడు మాత్రం ఏ గణితమూ ఆగలే. ఆ లైన్‌ను భాయ్ కూడ తెంపిండు.

బాపు ఆ లైన్ నడుమల ఉండె. చేతి గడియారం చూస్తడు, గేటు దిక్కు చూస్తడు. ప్లేటు నింపుకోని అక్క పక్కన కూసున్నడు.

"మంది బాగానే చెప్తున్నరు ఆయన పేరు."

"ఇవి లెక్కల రావు బాపూ," అన్నది అక్క. చిన్న గొంతుతోనే.

"ఎవని లెక్కల రావు?" అన్నడు బాపు.

ఆ సాయంత్రం ఆయన మందులోళ్లకు ఫోన్ చేసిన మాట నిజమే. ఏం చెప్పిండో మాకు వినపడలే. మేనత్త మాత్రం మూడు పండుగలు మా ఇంటికి రాలే.

ఇప్పుడు బావ నంబర్ పెరిగింది. అక్కది ఇంక ఎక్కువ పెరిగింది, దాని మీద ఇంట్ల చిన్న చిన్న లొల్లిలు కూడ అయితయి. నేను ప్రెస్సుల్నే ఉన్న. మొన్న సొరుగు సర్దుతుంటే ఆ కార్డు ఒకటి దొరికింది, అంచులు పచ్చబడ్డయి. కింద చిన్న అక్షరాలల్ల నా వాక్యం. నెట్టు స్లో ఉన్నదనుకుంట రోజూ ఫోన్ చూసుకున్న ఆ పోరడు యాదికొచ్చిండు. ఎవరూ చూస్తలేరు గద అని, ఇంకోసారి బావ నంబర్ తీసి చూసిన. ఏమో, నా అయిదువందల కార్డులను ఇన్నేండ్లకన్న లెక్కల ఎక్కించిండ్రేమోనని.