పిశాచికి కాళ్ళకు నీళ్ళివ్వలేదు

ఉద్యోగం మానేయడానికి ముందు ఏడాది, వేసవిలో, నన్నొక రక్తపిశాచి సీరియల్‌కి వేశారు. కంటిన్యూటీ చూసే అసోసియేట్ డైరెక్టర్ని. ఎవరు ఏ చీర కట్టారు, ఏ మాట అన్నారు అన్నది రిజిస్టర్లో రాసుకోవడం నా పని. రెజిమెంటల్ బజార్లో ఒక పాత ఇంట్లో షూటింగ్.

ఈ సీరియల్‌కి అదనంగా పిశాచి నియమాల పేజీ ఒకటి ఉండేది. ఎండలో తిరగడు, అద్దంలో కనబడడు, ఇంటివాళ్ళు పిలవందే గడప దాటడు. వెల్లుల్లి భయం మొదటి వారమే కొట్టేశాం. లేకపోతే నాయిక ఇంట్లో పప్పు తాలింపు వేసిన రోజల్లా కథ ఆగిపోతుంది.

నాయిక నాయనమ్మ వేషం సుగుణమ్మది. మౌలాలి నుంచి బస్సులో వచ్చేది. ఆ రోజు సీన్లో తలుపు తీసి, గడప బయట నిలబడ్డ పిశాచిని “ఎవరు గావాలె?” అని మాత్రమే అడగాలి. అడిగింది. అలవాటు కొద్దీ, “లోపటికి రా బిడ్డా, గడపల నిలబడ్డవేంది?” అని కూడా అంది. స్క్రిప్టు ప్రకారం పిశాచి కదలకుండా నిలబడి, వెనక్కి వెళ్ళిపోయాడు. సహజంగా ఉందని డైరెక్టర్ ఓకే చేశాడు. నేనేమీ రాసుకోలేదు.

ప్రసారమయ్యాక ప్రేక్షకులు పట్టుకున్నారు: పిలిచినా ఎందుకు రాలేదు? రచయిత దగ్గర సులువైన మందుంది. వచ్చేవారం పిశాచి లోపలికొచ్చి, పిలిచినావిడనే ముందు చంపేస్తాడు.

“ఈ వేషం పోతే ఈ వయసుల నాకింకెవరిస్తరు సారూ?” అంది సుగుణమ్మ. నాకు సిగ్గేసింది. తప్పు ఆవిడ నోటిది కాదు, నా రిజిస్టర్ది. మీటింగులో ఆ మాటే చెప్పాను. ఎవరూ కాదనలేదు, వేషం ఉంచుతామనీ అనలేదు.

చివరికి ఆవిడనే అడిగాను: ఇంటికొచ్చినవాళ్ళని పిలిచాక ఏం చేస్తారని.

“కాళ్ళకు నీళ్ళిస్త. ఇయ్యకుంటే అది పిలిచినట్టేనా?”

టేపు వేసి చూశాను. చెంబు లేదు. నియమాల పేజీలో రాశాను: కాళ్ళకు నీళ్ళివ్వనిదే పిలుపు పూర్తి కాదు. రచయిత సంతకం పెట్టాడు. తర్వాతి ఎపిసోడ్లో పిశాచి ఆ సంగతి దిగులుగా తనలో తాను చెప్పుకున్నాడు.

సుగుణమ్మ సీరియల్ అయ్యేదాకా ఉంది. కాకపోతే, ఒకరికిస్తే పిశాచికెందుకివ్వలేదని మళ్ళీ అడుగుతారని, తెర మీద ఆవిడ ఎవరికీ నీళ్ళివ్వడానికి వీల్లేకపోయింది. మోండా మార్కెట్లో కూరగాయలమ్మే ఒకామె సుగుణమ్మను నిలదీసిందట: “చుట్టాలొస్తే చెంబెడు నీళ్ళు సుత ఇయ్యవేందమ్మా?”

నా చెవికి తప్పుగా వినబడని మాటనే ముందు రాసుకోవాలని అక్కడ నేర్చుకున్నాను. అప్పటికి నా ఉద్యోగం మూడు నెలలే మిగిలింది.