పైడి పెద్దమ్మతో కాంచనబురి

బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఆఫీసు కింద టొమ్‌యమ్ అనే థాయి పులుసు అమ్మే కొట్టు ఒకటి ఉంది. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి నిమ్మగడ్డి, మిరపకాయలు, రొయ్యలు కలిసి మరిగిన ఆవిరి మెట్లెక్కి పైకొస్తుంది. తోటివాళ్ళకు ఆకలి వేస్తుంది. నాకు ముందు తుమ్ము వస్తుంది, వెంటనే పైడి పెద్దమ్మ గుర్తొస్తుంది. దేశం దాటి నేను తిన్న మొదటి భోజనం అదే, ఆవిడ పక్కన కూర్చుని. పెద్దమ్మ ఒక్క చెంచా నోట్లో పోసుకుని, గిన్నెను ఎగాదిగా చూసి, "మన చారే లా, ఎవడో ఇందులో సబ్బు అరగదీసినాడు" అని, మలాయివాళ్ళ "లా" కూడా తగిలించి తీర్పు చెప్పింది. తర్వాత రెండు గిన్నెలు తాగింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. క్లాంగ్‌లో మా ఫ్లాట్ల మూడో అంతస్తులో ఎదురింటావిడ. బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో, కూలీలకు వరసగా కట్టిన లైను ఇళ్ళలో పుట్టింది. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు యంత్రాల మధ్య అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయింది. ఆవిడ గుసగుసలు ఐదో అంతస్తువాళ్ళకు కూడా తెలిసేవి. నేను దానికి పూర్తిగా విరుద్ధం. తెలుగు అర్థమయ్యేది గాని, మాట్లాడితే తప్పులొస్తాయని, ఎవరైనా నవ్వుతారని ఇరవై రెండేళ్ళొచ్చినా మా దేశపు భాష మలాయిలోనే గొణిగేదాన్ని. "నాలిక ఎవరికైనా అద్దెకిచ్చేసినావేటే పాపా" అనేది పెద్దమ్మ.

ఆవిడ తాత అప్పన్న విజయనగరం వైపు నుంచి తోటకు వచ్చినవాడు. యుద్ధంలో జపాను వాళ్ళు ఏలిన కాలంలో సయాంలో, అంటే ఇప్పటి థాయి దేశంలో, రైలుదారి వెయ్యడానికి తోటలోంచి పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. పెద్దమ్మ తండ్రి పోయేదాకా "అయ్య సయాంలో ఉన్నాడు" అనేవాడట, ఏదో ఉద్యోగం మీద వెళ్ళినట్టు. డెబ్బయ్యో ఏట పెద్దమ్మకు ఆ చోటు చూడాలనిపించింది. కొడుకులు వద్దన్నారు. నాకు ఫోనులో దారి చూడడం వచ్చు గనుక తోడు రమ్మంది. మా అమ్మ సరేనంది. పెద్దమ్మకు కాదని చెప్పే ధైర్యం మా మెట్లమీద ఎవరికీ లేదు.

బ్యాంకాక్ విమానాశ్రయంలో పెద్దమ్మ సంచి తెరిపించారు. చింతపండు ఉండ, చిన్న రైస్ కుక్కరు, సీసాలో ఎండుచేపల పొడి బయటపడ్డాయి. ఇదేమిటని ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు. పెద్దమ్మ తెలుగులో మొదలుపెట్టి, చేపలు ఎంత ఎండాలో, ఎంత సేపు వేపాలో, వెల్లుల్లి ఎప్పుడు వెయ్యాలో విడమరిచి చెప్పింది. నేను ముఖం దాచుకోవడానికి స్తంభం వెతుక్కున్నాను. ఆయన మూత తీసి వాసన చూశాడు, గబుక్కున మూసేసి పొమ్మని చెయ్యి ఊపాడు. "సూసినావా, అర్థమైపోయినాది" అంది పెద్దమ్మ.

కాంచనబురి ఆ రైలుదారి మీది చిన్న ఊరు, నది ఒడ్డున ఉంది. ఆ రైలుకోసం నది మీద కట్టిన వంతెన చూడడానికే జనం వస్తారు. మర్నాడు పొద్దున్న ఫోను బయటికి తీయబోతుంటే పెద్దమ్మ నన్ను ఆపి, ఆటోవాడితో తనే, నది పేరు అదేననుకుని, "క్వాయ్, క్వాయ్" అంది. అతను తెల్లబోతే రెండు చేతులూ నెత్తిమీదికి వంచి వంతెన కమాను చూపించింది. అతని ముఖం వెలిగింది. అరగంట ప్రయాణం తర్వాత ఒక బురదమడుగు దగ్గర ఆపాడు. అందులో పదిహేను గేదెలు పడుకుని మమ్మల్ని చూస్తున్నాయి. థాయిలో క్వాయ్ అంటే గేదె అనీ, నది పేరు క్వే అనీ మేం దిగిన సత్రం పిల్ల సాయంత్రం చెప్పింది. పెద్దమ్మ చూపిన కమాను అతనికి కొమ్ములైంది. నేను ఏడుపు ముఖం పెట్టాను. పెద్దమ్మ మాత్రం చీర ఎత్తికట్టి దిగిపోయి, గేదెల ముసలావిడతో పాలు ఎన్ని ఇస్తాయో, దూడ ఎప్పటిదో మాట్లాడుకుంటూ కూర్చుంది. ఒకరి మాట ఒకరికి ఒక్కటీ రాదు. గంటసేపు ఆ సంభాషణ ఎక్కడా ఆగలేదు.

మధ్యాహ్నం యుద్ధ సమాధుల తోటకు వెళ్ళాం. గడ్డి దువ్వినట్టుంది, ప్రతి ఫలకం మీదా ఒక తెల్ల సిపాయి పేరు. పెద్దమ్మ నన్ను వరస వరసా చదవమంది. ఎనిమిదో వరసకు నా గొంతు ఎండిపోయింది. అప్పన్న పేరు లేదు. గడ్డి కత్తిరిస్తున్న తోటమాలి థాయి దేశపు దక్షిణాదివాడు, మలాయి వచ్చు. మావాళ్ళు ఎక్కడని పెద్దమ్మ అడిగింది. ఇక్కడ సిపాయిలేనమ్మా, కూలీలు రైలుదారి పొడుగునా ఉన్నారు, అని అతను పట్టాల వైపు చెయ్యి చాపాడు. పెద్దమ్మ అటు తిరిగింది. "బతికినన్నాళ్ళూ లైనే, సచ్చినాకా లైనే" అంది. నాకు తెలిసి ఆవిడ మెల్లగా అన్న మాట అదొక్కటే.

మరుసటి రోజు ఆ పట్టాల మీదే రైలెక్కాం. ఒకచోట రైలు కొండను ఆనుకుని, నది మీదుగా, చెక్క స్తంభాల మీద నడిచినట్టు పోతుంది. అక్కడ తాతను పిలవాలని పెద్దమ్మ ముందే అనుకుంది. కిటికీలోంచి తల బయటపెట్టింది, నోరు తెరిచింది, మాట రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి నా వైపు తిరిగింది. "నా వల్ల అవట్లేదే. నువ్వు పిలు." నేను భయపడుతూ మలాయిలో మొదలుపెట్టాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తాతకి మలాయి రాదు పాపా."

పెట్టె నిండా పరాయివాళ్ళు. కళ్ళు మూసుకుని అరిచాను. "అప్పన్న తాతా, నీ మనవరాలు పైడమ్మ వచ్చినాది." స్టేషను పేరు అనుకుని తెల్ల దంపతులిద్దరు సంచులు తీసుకుని లేచి నిలబడ్డారు. పెద్దమ్మ ముక్కు తుడుచుకుని ఇంకోసారి చెప్పమంది. తర్వాత ఒక్కొక్కటీ అందించసాగింది. తాత కొడుకు పెళ్ళి చేసుకున్నాడని, ఐదుగురు పిల్లలని, రబ్బరు కొట్టేసి పామాయిలు చెట్లు వేశారని, ఇప్పుడు అందరికీ ఫ్లాట్లున్నాయని. ఎనభై ఏళ్ళ కబుర్లు ఆ చెక్క వంతెన అయిపోయేలోగా నేను అరిచి చెప్పాలి. కొన్ని మాటలు తప్పుగా పలికాను. పెద్దమ్మ దిద్దింది, మళ్ళీ అరిచాను. వంతెన దాటాక రైల్లో వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ నాకొక మంచినీళ్ళ సీసా ఇచ్చి, డబ్బు తీసుకోలేదు.

రెండేళ్ళకు పెద్దమ్మ పోయింది. కర్మ చివరి రోజు తెలుగులో నాలుగు మాటలు చెప్పడానికి ఆవిడ కొడుకులకు భాష చాలలేదు. నేను లేచాను. మధ్యలో ఒక మాట తప్పు పలికితే ముందు వరసలో పెద్దవాళ్ళు ఇద్దరు నవ్వారు. ఒకప్పుడైతే అక్కడే కూర్చుండిపోయేదాన్ని. తెలుగు అక్షరాలు ఆ తర్వాతే దిద్దుకున్నాను, అందుకే ఇది రాయగలుగుతున్నాను. తప్పులు ఇంకా ఉన్నాయి. ఎవరైనా దిద్దితే దిద్దించుకుంటాను, మొదలుపెట్టిన మాట మాత్రం పూర్తిచేసే కూర్చుంటాను.