నాంపల్లి జిన్నును వెళ్లగొట్టింది నేనే

ఒక నిజం చెప్పి ఒక ఇంటిని కూల్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది అతనే.

ఆ రోజుల్లో, అంటే కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చిన మాలాంటివాళ్లం ఆబిడ్స్ వెనక సందుల్లో గదికి నలుగురం చొప్పున సర్దుకున్న అరవైల తొలినాళ్లలో, నాకు ఇరవై రెండేళ్లు. గన్‌ఫౌండ్రీ పేటలో ఒక ఆఫీసులో గుమాస్తా పని. లోకంలోని మూఢనమ్మకాలన్నిటినీ నెలాఖరులోగా తుడిచిపెట్టాలన్న తొందర. (ఎన్ని నెలాఖరులు గడిచాయో అడక్కండి.) సాయంత్రాలు నాంపల్లి స్టేషను వెనక ఒక పాత దేవిడికి, అంటే నవాబుల నాటి భవంతికి, వెళ్లేవాణ్ణి. డంగుసున్నం గోడలు, కమాన్లు, నడుమ రాతిపలకల వాకిలి. వారసులు ఎటో వెళ్లిపోగా, ముందు గదుల్లో పెద్దసారు ఉచిత పఠనాలయం నడిపేవారు. ఆయన పాత హైదరాబాదీ, ఉర్దూలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. స్టేషను కూలీల పిల్లలు అక్కడే అక్షరాలు దిద్దేవారు. వాళ్లకు చదువుకోవడానికి ఇంకో చోటు లేదు.

ఆ ఇంటిని ఒక సేటు కొన్నాడు. కూల్చి లాడ్జి కడతాడట. ఆ దేవిడి సందులోవాళ్లూ నేనూ కమిటీగా చేరి, ఇది పాతకాలపు కట్టడం, కాపాడండి అని సర్కారుకు అర్జీ పెట్టాం. రాసింది నేనే. (పద్నాలుగు పేజీలు. అందులో పది సంఘ సంస్కరణ మీద.) జవాబుకు నెలలు పట్టేలా ఉంది. అయినా ఇల్లు నిలిచే ఉంది. ఎందుకంటే సేటు పెట్టిన మేస్త్రీ తెచ్చిన కూలీల్లో ఒక్కరూ గునపం ఎత్తలేదు. వెనక గదిలో జిన్ను ఉందనీ, మిట్టమధ్యాహ్నం నిట్టూరుస్తుందనీ వాళ్ల భయం.

ఇది నాకు మింగుడుపడలేదు. అంతకన్నా మింగుడుపడనిది, ప్రతి గురువారం పెద్దసారే ఆ గది గడప మీద ఊదు వేసి బెల్లంముక్క పెట్టడం. అక్షరాలు దిద్దించే చేత్తో ఊదు వేస్తారా అని నిలదీశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "నీకెందుకయ్యా గీ ఫికర్? అర్జీ సంగతి చూడు" అన్నారు. జవాబు లేక తప్పించుకున్నారనుకున్నాను.

ఒక ఆదివారం సందంతా చెప్పి, జనాన్ని పోగేసి, పన్నెండింటికి ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. మూడు గంటలు కూర్చుంటానని పందెం. మందపాటి గోడలు, లోపల కుండలో ఉన్నంత చల్లదనం, పొట్టలో హోటలు భోజనం. నిద్రపోయాను. నా గురక బయటికి వినబడి, జిన్ను నన్ను నమిలేస్తోందని సగం జనం పారిపోయారట. లేచి, తలనిండా సున్నం పొడితో బయటికొస్తే మిగతా సగం పారిపోబోయారు. వాళ్లను ఆపి, మెట్టు మీద నిలబడి, హేతువు గెలిచిందని అరగంట ఉపన్యాసం దంచాను. వెనక బీడీ కాలుస్తున్న మేస్త్రీ ముందుకొచ్చాడు.

"అంటే ఏం లేదా సార్? జర పక్కాగ చెప్పున్రి."

"పక్కా. ఎవరైనా నిర్భయంగా లోపలికి వెళ్లొచ్చు."

వెళ్లారు. మంగళవారం పొద్దున, గునపాలతో. నేను ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి వెనక గది లేదు. పెద్దసారు పుస్తకాల మూట మీద కూర్చుని ఉన్నారు. పిల్లలు పలకలు పట్టుకుని దుమ్ములో నిలబడి ఉన్నారు.

"జిన్ను లేదని నాకెరుక లేదా?" అన్నారాయన మెల్లగా. "అర్జీకి జవాబొచ్చేదాంక ఎవరో ఒకరు కావలి ఉండాలె గద. జీతం అడగని కావలి గా జిన్నొక్కటే దొరికింది."

నాతో ఒక్క మాట చెప్పలేదేమని అడిగాను.

"చెప్తే ఊకుంటవా? దాని మీద వ్యాసం రాస్తుంటివి."

నిజమే, రాసేవాణ్ణి. (అప్పటికే రెండు పేజీలయ్యాయి.)

ఇల్లంతా నేలమట్టమయ్యాక మూడో వారంలో సర్కారు జవాబొచ్చింది. కట్టడాన్ని చూడటానికి అధికారి వస్తున్నారు, తలుపులు తీసి ఉంచవలెను. తలుపులు అప్పటికే గౌలిగూడలో పాత సామాను దుకాణం చేరాయి. పెద్దసారు ఆ కాగితం చదివి, మడిచి, నా చొక్కా జేబులో పెట్టారు. స్టేషను గోడ నీడలో కొన్నాళ్లు చదువు చెప్పారు. వానలు మొదలయ్యాక పిల్లలు రావడం మానేశారు. మరుసటి ఏడాది ఆయనా లేరు. చాలా ఏళ్లకు అదే స్టేషనులో నా పెట్టె ఎత్తుకున్న కూలీ "జిన్ను సారూ" అని పిలిచి నవ్వాడు. ఎదుటి లాడ్జి బోర్డు చూపించి, దాని మీద సగం అక్షరాలే తనకు వచ్చునన్నాడు. మిగతా సగం నేర్చుకునేలోపు ఇల్లు పోయింది.

ఇవాళ్టికీ నాకు జిన్నుల మీద నమ్మకం లేదు. మళ్లీ అడిగినా ఆ గదిలో ఏమీ లేదనే చెబుతాను. కాని ఆ మాట ఎవరి చేతికి గునపం అందిస్తుందో చూసుకోకుండా మెట్టెక్కి అరిచిన ఆ సున్నం తల కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, సగంలోనే ఆగిపోతుంది. భయం కాపలా కాసే ఇల్లు ఏదో ఒకనాడు కూలుతుంది. దాన్ని నిలపాల్సింది చట్టం, చట్టాన్ని కదిలించాల్సింది మనం. మీ వీధిలోనూ అలాంటి ఇల్లొకటి ఉంటుంది. రేపు పొద్దున్నే వెళ్లి దాని తలుపు కొట్టండి. లోపల ఎవరున్నారో, ఆ ఇంటితో ఎవరికి ఏం పనుందో అడిగి రాసుకోండి. ఆ కాగితం సర్కారు ఆఫీసులో ఇచ్చి, జవాబు చేతికొచ్చేదాకా అక్కడి అధికారి బల్ల ముందు నుంచి కదలకండి. అంతవరకు జిన్ను జోలికి మాత్రం వెళ్లకండి.