మూతి మారితే గాసికి మైల

కంపెనీవాళ్లు ఏ బండికైనా మూతి మార్చారంటే మా గాసికి మైల.

తలస్నానం చేసేవాడు. నీసు ముట్టేవాడు కాదు. తన జీపును బయటికి తీసేవాడు కాదు. పోయింది ఎవరయ్యా అని అడిగితే, "ట్రాక్టరు" అనేవాడు. ఆ ట్రాక్టరు ఎదురుగా చేలో దున్నుతూనే ఉండేది.

"అదేటిరా, అది నడుస్తన్నాది కదా" అన్నాను ఒకసారి.

"అది ఆ బండి కాదు బావా. మూతి సూడు. ఆ మూతికి ఏ తల్లీ ముద్దెట్టదు."

గాసిది అరకు, అనంతగిరి మధ్య తిరిగే షేర్ జీపు. నేను సంతలో మూటలెత్తే కూలీని. ఆ జీపు కదిలితేనే నా నెత్తిన మూట, నా పొయ్యిలో మంట. ఐదో క్లాసులోనే బడి మానేసినా ఈ ఒక్క లెక్క నాకు తప్పకుండా వచ్చు: అతనికి మైలైతే నాకు పస్తు. ఆ రోజుల్లో కంపెనీవాళ్లకు ఇంకో పని లేనట్టు ఎప్పుడూ ఏదో ఒక బండికి మూతి మార్చేవాళ్లు. బస్సు ముందుభాగం మారిస్తే పస్తు. లారీ దీపాలు మారిస్తే పస్తు. కిరండూల్ రైలుకి కొత్తరకం ఇంజను తగిలించిన రోజున అతను టేషను దగ్గర తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంటే, రైల్లో దిగినవాళ్లు పాపం ఎవరో పోయారనుకుని ఓదార్చి వెళ్లారు.

అతని జీపు మూతి మాత్రం పుట్టినప్పటిదే. గుండ్రటి కళ్లు రెండు, మధ్యన నిలువు పళ్లు. పొద్దున్నే తన ముఖం కడుక్కుని, అదే తువ్వాలుతో జీపు ముఖం తుడిచేవాడు. ఒక్కోరోజు ముందు జీపుది, తరవాత తనది.

ఇలాంటివాడికి, మా ఖర్మకొద్దీ, ధర్మతేజ గారి ఎర్రకారు కనపడింది.

ధర్మతేజ గారిది విశాఖపట్నంలో పాలరాయి వ్యాపారం. స్పోర్ట్స్ కార్ల పిచ్చి. అలాంటి పిచ్చివాళ్లే ఇంకొందరిని వెంటేసుకుని ఏటా ఘాట్ ఎక్కేవారు. అందరివీ అదే రకం కార్లు. ఆ కారు నేలకి పొట్ట ఆనించి పాకుతున్నట్టుండేది. పగలు దాని దీపాలు కనపడేవి కావు, బానెట్టులో నిద్రపోయేవి. గాలికొండ దగ్గర మంచు కమ్మితే ఆయన మీట నొక్కేవారు. రెండు రెప్పలు పైకి లేచి, ఎర్రకారు కళ్లు తెరిచేది.

మొదటిసారి అది చూసి గాసి నా భుజం పట్టుకున్నాడు. "బావా, అది మనల్ని సూసినాది."

ఆ ఏడాదంతా జీపు ఎక్కినవాడినల్లా ఆ కళ్ల కథతో చంపాడు. దిగిపోతామన్నా దింపేవాడు కాదు, కథ పూర్తి కాలేదని.

రెండువేల రెండు ప్రాంతంలో అనుకుంటాను, ధర్మతేజ గారి గుంపు మల్లేశు టీకొట్టు ముందు ఆగింది. ఎవరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు. ఆయన ఒక పత్రిక తెచ్చి బల్లమీద పడేశారు. కంపెనీవాడు ఆ కారుకి కొత్త మూతి పెట్టాడు. రెప్పలు తీసేశాడు. దీపాలు గాజుపెట్టెలో ఎప్పుడూ తెరుచుకునే ఉన్నాయి.

"నాకు కొత్తదే నచ్చింది" అంది వాళ్లలో ఉన్న డాక్టరమ్మ జయశ్రీ. "ఆ రెప్పలు ఎప్పుడు ఇరుక్కుంటాయో తెలీదు. ఇప్పుడు బరువు తగ్గింది, వెలుగు పెరిగింది."

"వెలుగే కావాలంటే ట్యూబులైటు కొనుక్కోండి డాక్టరుగారూ" అన్నాడొకాయన.

"రెప్ప లేని కన్ను చేపకుంటుంది. కారుకి ఉండకూడదు" అన్నాడు ఇంకొకాయన.

గాసి ఆ బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి నెత్తిన కప్పుకున్నాడు.

"ఇంజనేటి సార్, కొత్తదా?"

"అదే ఇంజను గాసీ" అన్నారు ధర్మతేజ గారు.

"అయితే పేనముండగానే మూతి కోసీసినారు."

చదువుకున్నవాళ్లంతా కలిసి చెప్పలేని మాట వాడు చెప్పాడని, వాళ్లు తమ గుంపు గుర్తున్న టోపీ ఒకటి తీసి గాసి నెత్తిన పెట్టారు. అతను ఆ టోపీతోనే మైల పట్టాడు. సంత రెండుసార్లు వచ్చి వెళ్లింది, జీపు కదల్లేదు. నా ఇంట్లో అంబలి పలచబడి గ్లాసులో అడుగు కనపడసాగింది. నేను ఆ కంపెనీవాణ్ణి తిట్టని తిట్టు లేదు. వాడి ఊరు పేరు తెలిస్తే ఇంకా బాగా తిట్టేవాణ్ణి.

ఇంతవరకూ నవ్వుకునే కథే.

ఆ కార్తీకంలో నా భార్య గంగ విస్తర్లు కుట్టే అడ్డాకుల కోసం కొండెక్కింది. ఎలుగుబంటి మీద పడింది. పెద్దాసుపత్రిలో నెలల తరబడి ఉంచి బతికించారు. ఎడమకన్ను పోయింది. ఆ పక్క చెంపంతా కుట్లతో లాక్కుపోయింది. మాట్లాడితే నోరు ఒకవైపే కదిలేది. ఇంటికొచ్చిన రోజు నుంచి గోడవైపు తిరిగి కూర్చుంది.

గంగంటే ఎవరో తెలియాలంటే మా కొండల్లో జరిగే ఇటుకల పండుగ చూసి ఉండాలి. చైత్రంలో మగవాళ్లు వేటకి పోతే, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుగడ పట్టి వచ్చేపోయే బండినల్లా ఆపి పండగ చిల్లర వసూలు చేస్తారు. మా ఊరి గడ ఎప్పుడూ గంగ చేతిలోనే ఉండేది. పోలీసు జీపైనా ఆగి, ఇచ్చి, దణ్ణం పెట్టి కదలాల్సిందే.

"పండగొత్తంది. గడట్టుకోవా?" అన్నాను.

"ఈ మూతితోనా?"

"ఎవులేటంటారే?"

"ఊరోల్లు అంటే పడతాను. గాసిగాడున్నాడు కదా. బస్సు మూతి మారితేనే నీల్లోసుకున్నోడు. నన్ను సూసి ఏటి పోసుకుంటాడు?"

అక్కగా గాసి చేత అప్పా అని పిలిపించుకుని, పండక్కీ పబ్బానికీ అన్నం పెట్టిన మనిషి ఆవిడ. ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు ఒక్కసారీ గడప తొక్కలేదు. వాడి నోటికి జడిసి రాకపోతేనే మేలనుకున్నాను. అలాగని రానందుకు కడుపూ మండేది.

మల్లేశు కొట్టుకెళ్లి అడిగాను. "గాసి ఏడిరా?"

మల్లేశు గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు. "మైలంట."

"ఏ బండికి?"

"అది సెప్పడు. జీపుకి టార్పాలిన్ కప్పీసి, నెత్తిన నీల్లోసుకుని కూకున్నాడు. గంగప్ప దిగిన కాణ్ణుంచీ ఇంతే."

టీకొట్టులో మాట మనిషికంటే బేగి నడుస్తుంది. నేను ఇంటికి వచ్చేసరికే గంగకి తెలిసిపోయింది. ఆమె ఏడవలేదు. గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఇక ఈ మనిషి గోడలో కలిసిపోతుందే తప్ప బయటికి రాదనిపించింది.

పండగ రోజున నేను వేటకి పోలేదు. ఆడవాళ్లు వచ్చి పిలిచారు. గంగ తలుపు తియ్యలేదు. వాళ్లు గడ తీసుకుని రోడ్డుమీదికి వెళ్లారు. కాసేపటికి అక్కణ్ణుంచి నవ్వులు. మామూలు నవ్వులు కావు, పొట్ట పట్టుకుని కూలబడే నవ్వులు. వాటి వెనకాల గాసి హారను.

జీపు మా ఇంటి ముందే ఆగింది. అది ఏ కంపెనీవాడికీ పీడకలలో కూడా తట్టని మూతి. కుడికన్ను పాత గుండ్రటిదే. ఎడమకన్ను తీసేసి, ఏదో లారీది చదరం దీపం వంకరగా బిగించాడు. అది రోడ్డుని కాకుండా చెట్టుమీది కోతుల్ని చూస్తోంది. పళ్లు సగం కోసేసి వెదురుబద్దలు కట్టాడు. ఒక పక్క బానెట్టుకి నూనెడబ్బా రేకు అతుకు.

"ఒరే గాసీ, నీ బండినేటి ఎలుగు పట్టీసినాదేటి?" అన్నాడు యర్రయ్య, వేటకి పోలేని ముసలాయన. అనేశాక మా తలుపు తెరుచుకుని ఉండడం చూసి నాలుక కరుచుకున్నాడు.

గడప మీద గంగ నిలబడి ఉంది. నవ్వులన్నీ ఆగిపోయాయి.

గాసి ఒక్కడే ఆగలేదు. "పట్టీసినాది తాతా. అయితే ఏటి? ఘాట్ ఎక్కడం మానీసినాదా?"

"తలకి నీల్లోసుకున్నావంట" అంది గంగ. "ఎవులికిరా?"

"దీనికే అప్పా. రంపం ఎట్టినప్పుడు సెయ్యి ఆడనేదు. ఎట్టడం, ఏడవడం, మల్లీ ఎట్టడం. అందికే ఇన్నాల్లట్టీసినాది."

"నాకనుకున్నాను."

"నీకెందుకు సేత్తాను? నువ్వు సచ్చినావేటి?"

గంగ జీపు దగ్గరికి నడిచింది. ఒంటికన్నుతో దాని మూతి అంతా చూసింది.

"దీనికి ఏ తల్లీ ముద్దెట్టదురా" అంది.

"నాకు తెల్దా" అన్నాడు గాసి, దిగులుగా.

ఆమె రెండు చేతులూ ఆ చదరం దీపం చుట్టూ తిప్పి, మెటికలు విరిచింది. నోరు ఒకవైపే నవ్వింది. ఆ ఒకవైపూ చాలింది. తరవాత కొంగు బిగించి, "గడెవులికాడున్నాది?" అంటూ రోడ్డెక్కింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ జీపునే చూస్తున్నారు. వెదురుగడ పట్టుకున్నామె ముఖం చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

మధ్యాహ్నానికి ధర్మతేజ గారి గుంపు వచ్చింది. ముందున్నది కొత్తమోడలు. రెప్పల్లేని కళ్లతో వచ్చి గంగ గడ ముందు ఆగింది. ఆయన దిగి, తప్పు చేసినవాడిలా గాసి వైపు చూశారు.

"కొనేశాను గాసీ. ఏమీ అనకు."

గాసి ఆ మూతి చూశాడు. తువ్వాలు మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "బాగానే ఉన్నాది సార్" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఆడిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది.

అప్పుడు ఆయన కన్ను జీపు మీద పడింది. "ఇదేమిటయ్యా?"

"కొత్త మోడలు సార్" అన్నాడు గాసి, టోపీ సర్దుకుంటూ.

"మోడల్లు తరవాత సూసుకోండి బాబూ" అంది గంగ, గడ దించకుండా. "ముందు పండగ సిల్లర తియ్యండి."

ఆ తరవాత కూడా కంపెనీవాళ్లు మూతులు మార్చడం మానలేదు. వార్త వచ్చినప్పుడల్లా గాసి తువ్వాలు నెత్తికి ఎత్తేవాడు. గంగ వచ్చి, చెయ్యి నడుముకి పెట్టి, అతనికి ఎదురుగా నిలబడేది. గాసి తువ్వాలు భుజం మీద వేసుకుని జీపు తాళం తీసేవాడు.

నేను మూటలెత్తేవాణ్ణి.